లేని పళ్ళు జివ్వుమన్నాయి

"సున్నా నుంచి పది దాకా అంకె చెప్పండి. ఎంత నొప్పి?"

కొత్తగా వచ్చిన డాక్టర్ నామ్ ఎవరొచ్చినా అడిగేది ఇదే. సియోల్ కుర్రాడు. మిలిటరీ సర్వీసుకి బదులు ఈ కొండ ఊరి ఆరోగ్య కేంద్రంలో మూడేళ్ళు చెయ్యాలి.

ఊళ్ళో ముసలాళ్ళు తెల్లమొహం వేసేవాళ్ళు. వాళ్ళకి నడుము ఉక్‌షిన్ ఉక్‌షిన్ అని సలుపుతుంది, తల చిక్కున్ చిక్కున్ అని పగిలిపోతుంది, వేలు కోక్ కోక్ అని పొడుస్తుంది. ఇన్ని చప్పుళ్ళు చేసే ఒంటిని పట్టుకుని అంకె చెప్పమంటే ఏం చెప్తారు?

మొహమాటానికి అందరూ ఐదు అనేసేవాళ్ళు.

వెంటనే గది బయట బెంచీ మీంచి ఒక గొంతు వచ్చేది.

"ఐదూ లేదు, ఆరూ లేదు డాక్టరు బాబూ. ఊపిరి తీస్తే పక్కటెముక దగ్గర కలుక్కుమంటోంది ఆవిడకి. నిన్న పెరట్లో జారిపడింది, సిగ్గుపడి చెప్పట్లేదు."

ఆ గొంతు మల్సున్ అవ్వది. ఎనభై రెండేళ్ళు. ఏ మందూ అడగదు, ఏ పరీక్షా చేయించుకోదు. పొద్దున్నే వచ్చి స్టవ్ పక్కన కూర్చుని, వెల్లుల్లి ఒలుస్తూ, వచ్చినవాళ్ళందర్నీ ఆరా తీస్తుంది. సూది గుచ్చినట్టా, దబ్బనం గుచ్చినట్టా? కూర్చుంటే ఎక్కువా, లేస్తే ఎక్కువా? మసులుతున్న ఇనప కెటిల్‌ని వట్టి చేత్తో దించి, బార్లీ టీ పోసిచ్చి మరీ అడుగుతుంది.

రెండు వారాలు ఓర్చుకున్నాడు నామ్. మూడో వారం నర్సు మిరాన్‌ని పిలిచి, ఒంట్లో ఏ జబ్బూ లేనివాళ్ళు లోపల కూర్చోకూడదని ఆవిడకి చెప్పమన్నాడు.

అవ్వ వెల్లుల్లి బుట్ట తీసుకుని బయట గోడ పక్కకి మారింది. నవంబరు గాలి కోసేస్తోంది. ఆవిడ మాత్రం ఎండ బావుందిలే అని మిరాన్‌కే ధైర్యం చెప్పింది.

ఊరంతా చలికాలానికి క్యాబేజీ కిమ్చీ పచ్చడి పెట్టుకునే వారం అది. బ్యొంగ్‌దో వచ్చాడు. డెబ్బై ఏళ్ళవాడు, మూడు వందల క్యాబేజీలు మోశాడు. భుజాలు పట్టేశాయి, నొప్పి పట్టీలు ఇవ్వమన్నాడు. అంకె అడిగితే నాలుగన్నాడు. నాలుగే కదా అని నామ్ పట్టీలు రాసి పంపేశాడు.

బయట గోడ పక్కన అవ్వ ఆపింది.

"ఏరా, ఎక్కడ?"

"భుజాలేలే అక్కా."

"ఇంకా?"

"ఇంకేం లేదు. నిన్నట్నించి మెట్టెక్కితే చాలు, ఎడం పక్క కింది పళ్ళు షిరిదా అంటున్నాయి. చల్లటి ముల్లంగి కిమ్చీ నీళ్ళు తాగాను కదా."

షిరిదా అంటే జివ్వుమనడం. చన్నీళ్ళు తగిలిన పంటికి, మంచులో తిరిగిన మోకాలికి అనే మాట. ఆ ఊళ్ళో చలికాలం అంతా వినపడేదే, ఎవరూ పట్టించుకోరు.

అవ్వ చేతిలో వెల్లుల్లి పక్కన పెట్టింది.

"నీ కింది పళ్ళు పదేళ్ళ నుంచి గ్లాసులో పడుకుంటున్నాయి కదరా. కట్టుడు పళ్ళకి జివ్వేంటి?"

బ్యొంగ్‌దో నవ్వేశాడు. అవ్వ నవ్వలేదు. అతని మోచెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, మిరాన్ అడ్డొస్తున్నా ఆగకుండా డాక్టరు గది తలుపు తోసింది.

"డాక్టరు బాబూ, లేని పళ్ళు నొప్పెడుతుంటే ఆ నొప్పి ఇంకెక్కడిదో కదా?"

నామ్ పెన్ను పక్కన పెట్టి లేచాడు.

ఈసీజీ తీశాడు. గుండెపోటు. కొండ దిగి అంబులెన్సు సిటీకి చేరేదాకా అతనే పక్కన కూర్చున్నాడు.

బ్యొంగ్‌దో బతికాడు. ఇంకో గంట ఆగితే దక్కేవాడు కాదన్నాడు అక్కడి పెద్ద డాక్టరు. భుజాల నొప్పి అని వచ్చినవాణ్ణి ఎలా పట్టుకున్నావని భుజం తట్టాడు కూడా.

"పట్టుకుంది నేను కాదు సార్," అన్నాడు నామ్.

మర్నాడు తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించాడు. మెత్తటి దిండు పెట్టాడు. అవ్వ చెప్పే మాటలు రాసుకోడానికి కొత్త నోటుబుక్కు తెచ్చుకున్నాడు. క్షమించమని ఎలా అడగాలో మిరాన్ ముందు రెండుసార్లు ప్రాక్టీసు కూడా చేశాడు.

మంచు కురిసింది. అవ్వ రాలేదు.

రెండో రోజూ రాలేదు.

మూడో రోజు కబురొచ్చింది, నిద్రలోనే పోయిందని.

నల్ల రిబ్బను కట్టిన ఫోటోలో అవ్వ నవ్వుతోంది. నామ్ నేల మీద వంగి రెండుసార్లు మొక్కాడు. పరామర్శకి వచ్చినవాళ్ళకి అక్కడి ఆచారం ప్రకారం కారం కారంగా మాంసం సూప్ పెడుతున్నారు. అవ్వ అక్క, ఎనభై ఆరేళ్ళావిడ, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని గిన్నె ముందుకి జరిపింది.

"ఎన్ని బాధలు పడిందో మామ్మగారూ," అన్నాడతను, చెంచా ముట్టుకోకుండా. "ఒక్కో నొప్పినీ పేరు పెట్టి పిలిచేది. అన్నీ తన ఒంటి మీద పడితే గానీ అలా తెలీవు."

ఆవిడ అతని వైపు వింతగా చూసింది.

"అదా? చిన్నప్పుడు పొయ్యిలో చెయ్యి పెట్టి, కమురు వాసన వచ్చాక చూసుకునేది. వేలు విరిగితే వాపు చూసి మేం చెప్పాలి. నీ ఒళ్ళు నీకు చెప్పదే, పక్కవాళ్ళని అడిగి నేర్చుకో అంది మా అమ్మ. అంతే, నేను ఏడిస్తే చాలు, ఎదురుగా కూర్చుని ఎలా ఉందక్కా, చెప్పవూ అని ఒకటే గొడవ."

సూప్ చల్లారిపోతోంది, తినమని గిన్నె మళ్ళీ జరిపింది ఆవిడ.

"పుట్టిన దగ్గర్నించీ మా చెల్లికి నొప్పంటే ఏంటో ఒక్కసారి కూడా తెలీదు బాబూ."