నీలం పూల కుండీలు

మామగారు రేపు ఊరి నుంచి వస్తున్నారు. కుండీల్లో దుంపలన్నీ చచ్చిపోయాయి.

ఎలక్ట్రీషియన్ అయిన అల్లుడు వేలితో మట్టి కెలికి చూశాడు. చిన్న ఉల్లిపాయంత దుంప, తడిసిన దూదిలా చేతికొచ్చింది. వాసన కూడా వేస్తోంది.

ఆకులు రాలే రోజుల్లో వాటిని నాటింది అతని భార్య. చలి తగ్గేసరికి నీలం పూలు పూస్తాయి, చూద్దురుగాని అంది. తను చూడలేదు. నాటిన కొద్దిరోజులకే నిద్రలో గుండె ఆగిపోయింది.

అల్లుణ్ణి ఒంటరిగా వదిలేస్తే తిండి మానేస్తాడని అప్పటి నుంచి మామగారు ఇక్కడే ఉంటున్నారు. రిటైరైన రైలు డ్రైవరు. ఎవరి మాటా వినని ఘటం. ఆ కుండీల దగ్గర మాత్రం జ్వరమొచ్చిన పిల్ల పక్కన కూర్చున్నట్టు కూర్చునేవారు. మా అమ్మాయి చేత్తో పెట్టిన ఆఖరివి అని మొదట్లో వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు.

చలి ముదిరాక, పెద్దకూతురికి ఒంట్లో బాగోలేదంటే వెళ్తూ, కుండీలను అల్లుడికి అప్పగించారు.

అల్లుడి జాలే కొంప ముంచింది. బయట మంచు పడుతుంటే చూడలేక కుండీలను లోపలికి తెచ్చి హీటరు పక్కన పెట్టాడు. ఆ దుంపలకు చలే తిండి, అది లేకపోతే పూయవు అని నర్సరీ ఆవిడ చెప్పేదాకా అతనికి తెలీదు. అప్పటికే అవి వెచ్చదనానికి తొందరపడి మొలిచి, పాలిపోయి, వాలిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

మొగ్గ తొడిగిన నీలం పూల మొక్కలు కొనుక్కొచ్చాడు. వేళ్ళు కదలకుండా పాత కుండీల్లోకి మార్చి, వాటిని మెట్ల పక్కన పెట్టాడు. చచ్చిన దుంపలను చెత్తబుట్టలో వేస్తుంటే భార్యను రెండోసారి సాగనంపినట్టయింది.

మర్నాడు మామగారు వచ్చారు. చేతిలో సంచి కూడా దించకుండా మెట్ల దగ్గరే ఆగిపోయి, విచ్చుకున్న పూలవైపు చాలాసేపు చూశారు. కళ్ళు తుడుచుకున్నారు.

తేలు కుట్టిన దొంగలా ఉంది అల్లుడి పరిస్థితి. భోజనం దగ్గర ముద్ద దిగడం లేదు. మామగారూ కెలుకుతున్నారే తప్ప తినడం లేదు. ఇంతలో పక్కింటావిడ గుమ్మంలోంచి తొంగిచూసి, ఎంత బాగా పూశాయో, అంతా మీ అమ్మాయి చేతి చలవేనండీ అని మెచ్చుకుని వెళ్ళింది. ఇద్దరూ తలలు దించుకున్నారు.

ఇక అతనికి ఉండబట్టలేదు. తనకంటూ మిగిలిన మనిషి ఈయనొక్కరే. నిజం తెలిస్తే మళ్ళీ ఈ గడప తొక్కకపోవచ్చు. కానీ రోజూ ఈయన మొహం చూస్తూ ఈ అబద్ధం మొయ్యడం తన వల్ల కాదు.

"మామయ్యగారూ, అవి తను నాటినవి కావు. తను నాటినవాటిని నేను చేతులారా చంపేశాను. ఇవి కొనుక్కొచ్చినవి."

మామగారు తలెత్తలేదు. కంచంలో వేలితో గీతలు గీశారు.

"నువ్వు చంపినవీ కొన్నవే బాబూ," అన్నారు, "అమ్మాయి నాటినవాటిని నేను నీళ్ళెక్కువ పోసి ఎప్పుడో కుళ్ళబెట్టేశాను."