ఎడమ చెంప

“మొహం కడుక్కొని అరగంట ఊకె కూసోవాలె. క్రీమ్ వద్దు, పౌడర్ వద్దు. కుంపటి దగ్గరికైతే అస్సలే పోవద్దు. చెమటను సూసి జిడ్డనుకుంటం!”

బెల్లంపల్లి బొగ్గుబాయి క్వార్టర్లలో నిఖిత బ్యూటీ పార్లర్ తెరిచిన మొదటి రోజు అది.

మొహానికి కూడా పరీక్షలేనా అని మగవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు గానీ, ఎవరి చర్మం ఏ తీరుదో ఇంట్లోనే తెలుసుకునే ఉపాయం ఉచితంగా నేర్పిస్తానంటే ఆడవాళ్లు చలిని కూడా లెక్కచేయకుండా వచ్చారు. వీళ్లను మెప్పిస్తే పార్లర్ నిలబడినట్టే. మెప్పిస్తానన్న ధీమా నిఖితకు దండిగా ఉంది.

అరగంటయ్యాక టిష్యూ కాగితాలు పంచింది.

“ముక్కు, నుదురు, చెంపల మీద అద్దుండ్రి. రుద్దొద్దు.”

పద్మలత కాగితం అంతటా నూనె మెరిసింది.

“నీది జిడ్డు చర్మం వదినా.”

రేవతి కాగితం ముక్కు, నుదురు అద్దిన చోటే మెరిసింది.

“నీది సగం జిడ్డు, సగం పొడి.”

చివరి కుర్చీలో ఎవరూ ఎరగని పెద్దామె కూర్చుని ఉంది. కొంగు ఎడమ చెంపను సగం కప్పింది. పేరడిగితే ఐలవ్వ అంది.

ఆమె కుడి చెంపకు అద్దిన కాగితం కాస్త మెరిసింది. ఎడమ చెంపది పొడిపొడిగానే ఉంది. నిఖిత వంగి చూసింది. ఆ చెంప నల్లబారి, బిగుసుకుపోయి ఉంది.

చలికాలమంతా కుంపటికి ఒకే పక్క తిప్పి కూర్చునే ముసలివాళ్లు నిఖితకు కొత్త కాదు.

“దొరికిపోయినవ్ పెద్దమ్మా! రోజూ కుంపటి కాడ ఒక్క పక్కకే కూసుంటవ్ గదా?”

అందరూ గొల్లుమన్నారు. ఐలవ్వా నవ్వింది.

“రోజు కాదు బిడ్డా. ఒక్కసారే.”

“ఒక్కసారికే గిట్లయితదా? గీ చెంపకు నా తాన మందు లేదు పెద్దమ్మా!”

మళ్లీ నవ్వులు.

ఐలవ్వ లేచి నిఖిత మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. రెండు చెంపలూ మెల్లగా నిమిరింది.

“నున్నగున్నది. గంతే సాలు. ఆదిలాబాద్ బస్సు టైమైంది, పోయొస్త.”

మధ్యాహ్నం తల్లి మల్లక్క అన్నం గిన్నెతో వచ్చేసరికి నిఖిత సంబరంలో ఉంది. మళ్లీ వస్తామని పేర్లిచ్చిపోయిన వాళ్ల గురించి చెప్పింది. కుంపటి ముచ్చట కూడా చెప్పి నవ్వింది.

మల్లక్క నవ్వలేదు.

“ఎడమ చెంపనా? పేరేమన్నది?”

“ఐలవ్వనట. ఏమైందవ్వా?”

“యాడున్నది గామె?”

“పొద్దుగాల్నే బస్సెక్కి పోయింది.”

మల్లక్క గిన్నె కింద పెట్టి గుమ్మం దాకా ఉరికి ఆగింది. కళ్ల నిండా నీళ్లు.

“ఊరిడిసి పోయినామెను ఎన్నేండ్ల సంది దేవులాడుతున్న బిడ్డా! నువ్వు పసిగుడ్డప్పుడు మన క్వార్టర్ అంటుకున్నది. నేను నల్లా కాడున్న. ఒక్కరు లోపలికి పోలే. నిన్ను కుడి చెంపకు అదుముకొని, ఎడమ చెంప మంటకు అడ్డం పెట్టి ఉరికొచ్చింది గా ఐలవ్వనే.”