పద్నాలుగో పాఠం

“పద్నాలుగో పాఠం జూన్‌ల ఎట్లొస్తది గురుజీ? ముందు పదమూడు ఏమైనయని తనిఖీకొచ్చేటోళ్లు అడుగరా?”

శుభాంగి ఈ మాట అడగడం ఇది మూడోసారి. హెడ్‌మాస్టర్ శివరాం గురుజీ మూడోసారి కూడా అదే జవాబు చెప్పాడు.

“జూన్‌లనే చెప్పాలె.”

ఎందుకో మాత్రం చెప్పడు. గొడుగు చంకన పెట్టుకుని, మీటింగుకని బిలోలి బస్సెక్కడానికి వెళ్లిపోయాడు.

మంజీర ఒడ్డునున్న ఆ జిల్లా పరిషత్ బడిలో నాలుగో తరగతి సైన్సుకి ఏ నెల ఏ పాఠమో ఏడాది ప్లాను రాసిపెట్టే పని శుభాంగిది. నాందేడ్ పక్కనున్న బడి నుంచి ఈ జూన్‌లోనే బదిలీ మీద వచ్చింది. చుట్టుపక్కల బళ్ల మీద అధికారి కేంద్రప్రముఖ్ సోమవారం తనిఖీకి వస్తున్నాడు. ఆమె నౌకరీ పర్మనెంటు కావాలంటే ఆయన మంచి రిమార్కు రాయాలి. పాఠాలు వరస తప్పితే ఆయన ఎర్ర పెన్ను ఊరుకోదు. గురుజీకేం, ఏడాదిలో రిటైరైపోతాడు. మునిగేది తను.

పోనీ ఆయన పట్టుబట్టేది అన్ని పాఠాలకూ కాదు. ఆ ఒక్కదానికే. పాము కాటు, ప్రథమ చికిత్స. పుస్తకంలో ఎక్కడో చివర్లో ఉన్న పాఠాన్ని బడి తెరిచిన వారంలోనే చెప్పాలంటాడు. దీపావళి సెలవులకు ముందు మళ్లీ ఇంకోసారి చెప్పాలంటాడు. వయసు మీద పడ్డాక చాదస్తం ఏ రూపంలోనైనా వస్తుందని శుభాంగి సరిపెట్టుకుందామనుకుంది గానీ, కోపం ఆగలేదు.

కోపంలో ఆమె కళ్లు గోడ మీది పటం మీద పడ్డాయి. గురుజీ కుర్చీకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. తాలూకాలో ఉత్తమ వార్షిక ప్లానుకిచ్చిన బహుమతి పత్రం, 2016-17. దాని కిందే ఆ ఏటి సైన్సు ప్లాను, గుండ్రటి అక్షరాలు, శివరాం గురుజీ సంతకం. రోజూ పొద్దున రాగానే ఆయన రుమాలుతో ఆ అద్దం తుడిచాకే కుర్చీలో కూర్చుంటాడు. తన డప్పు తాను కొట్టుకునేవాళ్లను శుభాంగి చాలామందిని చూసింది. రోజూ డప్పు తుడిచిపెట్టుకునే మనిషిని మాత్రం ఇక్కడే చూసింది.

స్టూలెక్కి పటాన్ని దించింది. ఒళ్లో పెట్టుకుని చదివితే నవ్వొచ్చింది. అంతా పుస్తకం వరసే. పద్నాలుగో పాఠం జనవరి రెండో వారం. ఆయన బహుమతి కొట్టేటప్పుడు వరస కావాలి, పక్కవాళ్ల వంతు వచ్చేసరికి అక్కర్లేదా అనుకుంది. కసిగా, అక్షరం పొల్లుపోకుండా తన కాగితంలోకి ఎక్కించడం మొదలుపెట్టింది.

ఇవాళ ఎందరు పిల్లలకు వండాలో అడగడానికి వంట చేసే భీమవ్వ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. గురుజీ అందరి మీదా కసురుకుంటాడు గానీ, ఖిచిడీ మాడినా ఈ ముసలామెను పల్లెత్తు మాటనడు.

“అయ్యో బాయీ, గదెందుకు దించినవ్? గురుజీ ఎవ్వర్ని ముట్టనియ్యడు.”

చూసి రాసుకుంటున్నానని, మళ్లీ పెట్టేస్తానని చెప్పింది శుభాంగి. “ఇయ్యాల ముప్పై ఒక్కమంది వచ్చిండ్రు భీమవ్వా.”

“ఇప్పుడు గట్లనే ఉంటరు తియ్యి. దివాలీ దాటితే తొమ్మిదిమందికే వండుడు.”

రాస్తున్న పెన్ను ఆగింది. చెరుకు కొట్టడానికి ఇక్కడి కూలి కుటుంబాలు పిల్లలతో సహా వలసపోతాయని, మళ్లీ హోలీకి గానీ రావని ఆమెకు తెలియక కాదు. కాగితం మీద నెలలు పేర్చుకుంటూ పోయేటప్పుడు ఆ సంగతి తట్టలేదు. జనవరిలో తను పాఠం చెప్పేది ఎవరికి?

“మేం గూడ పోయేటోళ్లం,” అంది భీమవ్వ గుమ్మంలో చతికిలబడుతూ. “నా మనమరాలు ప్రతీక్ష సచ్చిపోయినంక బంద్ చేసినం.”

ఆ పిల్ల ఈ బడిలోనే నాలుగో తరగతి చదివేదట. దీపావళి అయ్యాక అందరితో పాటు కోతలకు పోయింది. ఒకరోజు పొద్దున్నే చెరుకు మోపు ఎత్తుతుంటే పురుగు ముట్టిందని భీమవ్వ చెప్పింది. ఆ ఊళ్లో పామును పేరు పెట్టి అనరు. పక్కన ఈ బడి పిల్లలే నలుగురున్నారు. ఒకడు మంత్రగాడి కోసం పరిగెత్తాడు. అతడు వచ్చేదాకా సగం రోజు గడిచింది.

“నేనే బిగ్గ కట్టు కట్టిన కాలికి, ఈ చేతులతోని. కట్టొద్దంట గద బాయీ? కాలు మెదలకుంట దబ్బున సర్కార్ దవాఖానకు తీస్కపోవాల్నంట. ఇప్పుడు ఏటేటా గురుజీ పోరగాండ్లకు చెప్తుంటే పొయ్యికాడ కూసోని ఇంట. ఆనాడు మాకెవ్వరికి ఎర్కలేదు.”

శుభాంగి పెన్ను పక్కన పెట్టింది. రాసిన కాగితాన్ని అడ్డంగా చింపేసింది. కొత్త కాగితం తీసి, జూన్‌లో బడి తెరిచిన వారం ఎదురుగా పద్నాలుగో పాఠం అని రాసింది. అక్టోబరులో మళ్లీ రాసింది. కేంద్రప్రముఖ్ ఎర్ర పెన్నుతో ఏం రాసుకుంటాడో రాసుకోనీ. అయినా గురుజీ మీద కినుక పోలేదు. ఈ ఒక్క సంగతి నోరు విప్పి చెబితే ఆయన సొమ్మేం పోయేది?

“ఇది ఎన్నడు జరిగింది భీమవ్వా?”

“పెద్ద నోట్లు బందైన ఏడు.”

చదువురాని భీమవ్వ లేచి పటాన్ని అందుకుంది. కొంగుతో అద్దం తుడిచి, భద్రంగా మేకుకు తగిలించింది.

“దినాం తుడుస్తడు గురుజీ. ఏం రాసుంది బాయీ గిండ్ల?”

శుభాంగి కళ్లు 2016-17 అన్న అంకెల మీద ఆగాయి.

పటంలో ఉన్నదీ ఆ ఏడే.