నూట పద్దెనిమిదో సీసా

“వచ్చాడమ్మా మన గడియారం!” అంది కిటికీలోంచి చూస్తూ రక్తం తీసే అమ్మాయి.

నర్సు గోడవంక చూసింది. సరిగ్గా పది.

గుండె ఆసుపత్రి మూడో అంతస్తులో, స్టోరు పక్కన ఇరుకు గది అది. ఒకసారి గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డవాళ్ళకి, మళ్ళీ రాకుండా ఆపే కొత్త మాత్రని అక్కడ పరీక్షిస్తున్నారు. సగం మందికి అసలు మాత్ర. సగం మందికి ఏ మందూ లేని ఉత్తి మాత్ర. రోజూ వాడే మామూలు మందులు అందరికీ ఉంటాయి, ఇది వాటికి అదనం.

ఎవరిది ఏదో వాళ్ళకీ తెలియదు, నర్సుకీ తెలియదు, ఆఖరికి పెద్ద డాక్టరుకీ తెలియదు. ఆ జాబితా సీలు వేసిన కవరులో ఎక్కడో ఉంది.

లోపలికొచ్చిన పెద్దాయన కుర్చీ అంచున కూర్చుని, సంచీలోంచి సీసా తీశాడు. నూట పద్దెనిమిదో నంబరు.

నర్సు మిగిలిన మాత్రలు పళ్ళెంలో పోసి లెక్కపెట్టింది. అయిదు మిగలాలి. అయిదే మిగిలాయి.

“ఒక్కరోజు కూడా మర్చిపోరా తాతగారూ?”

“మర్చిపోవడానికి నాకు ఇంకేం పనుందమ్మా?”

మిగతావాళ్ళు అలా కాదు. “నాది అసలుదా, ఉత్తిదా? నా ఒక్కడి చెవిలో చెప్పు తల్లీ” అని ప్రాణం తీసేవాళ్ళు. అనుమానం ముదిరి మధ్యలోనే మానేసేవాళ్ళు. వాళ్ళ చోట, అదే నంబరుకి, కొత్త మనిషిని వెతికి కూర్చోబెట్టేసరికి నర్సుకి తల ప్రాణం తోకకొచ్చేది.

అందుకే మొదటిరోజే చెప్పింది పెద్దాయనకి. “మీరు మాత్రం మానకండి తాతగారూ. మానితే ఈ సీసాకి ఇంకొకరిని పట్టుకురావాలి నేను.”

“మాననులే అమ్మా” అన్నాడు.

నాలుగేళ్ళయింది. తనది అసలుదా, ఉత్తిదా అని ఒక్కసారీ అడగలేదు. ఉత్త అమాయకుడు అనుకుంది నర్సు.

ఆయనతో చిక్కల్లా ఒకటే. కూర్చుంటే లేవడు. ఫ్యాను చప్పుడు చేస్తోందంటాడు, మెట్లు ఎత్తుగా ఉన్నాయంటాడు, నీ మొహం పీక్కుపోయింది, అన్నం తిన్నావా అంటాడు. అవతల వరసలో ఉన్నవాళ్ళు నర్సుని కళ్ళతోనే కాల్చేస్తుంటారు.

ఆ రోజు కూడా అంతే. సంతకం పెట్టి, కొత్త సీసా సంచీలో వేసుకుని, అలాగే కూర్చున్నాడు.

“కిందికెళ్ళి టీ తాగుదామా అమ్మా? నేనిప్పిస్తా. పది నిమిషాలు.”

“బయట పదకొండుమంది ఉన్నారు తాతగారూ! ఇంకోసారి చూద్దాం లెండి.”

“అలాగే, అలాగే” అంటూ లేచాడు. గుమ్మం దగ్గర ఆగి ఏదో అనబోయాడు. అప్పటికే నర్సు తరవాతి నంబరు పిలిచేసింది.

మరుసటి నెల పది కొట్టింది. పదిన్నరయింది. గడియారం రాలేదు.

నర్సు ఫోను చేసింది. ఎవరో మగగొంతు.

“ఆయన అద్దెకున్న ఇంటికింద టైలర్నమ్మా. ఆయనింక రారు. నిన్న పొద్దున మళ్ళీ గుండెపోటు వచ్చింది. ఆటో ఎక్కించేలోపే...”

ఆ రోజంతా నర్సుకి ఒకటే ఆలోచన. ఒక్క కప్పు టీ! పది నిమిషాలు పోతే ఏం కొంప మునిగేది?

ఎనిమిది నెలల తరవాత సీలు విప్పారు.

మందు పనిచేసింది. అది వేసుకున్నవాళ్ళలో రెండోసారి గుండెపోటు బాగా తగ్గింది. అందరూ ఒకరి చేతులొకరు పట్టుకుని ఊపేసుకున్నారు.

“ఉత్తి మాత్ర మింగుతూ చివరిదాకా నిలబడ్డవాళ్ళు లేకపోతే ఇది తేలేదే కాదు” అన్నాడు పెద్ద డాక్టరు.

నర్సు వేలు జాబితా మీద కిందికి జరిగింది. నూట పద్దెనిమిది.

ఉత్తి మాత్ర.

ఆమె ఆ వరస మళ్ళీ చదివింది. అంత నమ్మకంగా వచ్చిన మనిషికి నాలుగేళ్ళపాటు తన చేత్తో ఉత్తి పిండి పంచిపెట్టింది.

ఫలితం సంగతి ప్రతి ఇంటికీ ఉత్తరం రాయాలి. పెద్దాయన కాగితం తీసి చూసింది. ‘దగ్గరి మనిషి’ అన్నచోట భార్య, కొడుకు, కూతురు, అన్నీ కొట్టేసి ఉన్నాయి. ‘కింద దుకాణం టైలరు’ అని రాసి ఉంది.

ఆ ఉత్తరం పోస్టులో వెయ్యడానికి ఆమెకి మనసొప్పలేదు. తనే వెళ్ళింది.

టైలరు గుడ్డముక్కలు పక్కకి నెట్టి స్టూలు వేశాడు.

“ఆయనకి మేమిచ్చింది ఉత్తి మాత్రండీ” అంది నర్సు తలొంచుకుని. “పాపం, ఆ సంగతి తెలియకుండానే పోయారు.”

టైలరు మిషను ఆపేశాడు.

“ఎవరికి తెలియకుండా? ఆయనకా? భలేదానివమ్మా! మొదటి మాత్ర నాలుక మీద వేసుకున్న రోజే చెప్పాడు నాతో, ఇందులో ఏమీ లేదోయ్ అని.”

“అదెలా? పెద్ద డాక్టరుకే తెలియదు!”

“మరయితే మానెయ్యవయ్యా మహానుభావా అని నేను నెత్తీ నోరూ బాదుకున్నాను. వింటేగా! ‘నేను మానితే ఈ సీసా ఇంకొకడి చేతిలో పెడతారు. వాడి కోసం ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఎదురుచూస్తుంటారు. నాకెవరున్నారు? నెలకోసారి ఆ నర్సమ్మాయి దగ్గర కాసేపు కూర్చుంటాను, అది చాల్లే’ అనేవాడు.”

నర్సుకి కళ్ళు మసకబారాయి.

“ఇంతకీ... నాలుక మీద వేసుకోగానే ఎలా తెలిసింది?”

“తెలియకేం తల్లీ, ముప్పై రెండేళ్ళు మందుల ఫ్యాక్టరీలో, ఇలాంటి పరీక్షల కోసం ఎవరూ పోల్చుకోలేనట్టు ఉత్తి మాత్రలు తయారుచేసింది ఆయనేగా!”