దెబ్బ చాలడం లేదు

గడువు ముగిసినట్టు గంట మోగింది. శత్రునౌక గండభేరుండం తాపీగా రెక్కలు చాచి, తెర అంచు దాటి చీకట్లోకి వెళ్ళిపోయింది.

"దెబ్బ చాలడం లేదు బావా," అన్నాడు బావమరిది, చెవులకున్న హెడ్‌ఫోను తీస్తూ.

ఇంజనీరు కెప్టెన్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ అంతరిక్ష యుద్ధపు ఆటలో ఇదే చివరి ఘట్టం. గండభేరుండాన్ని కూలిస్తే ఇక గెలవవలసినది లేదు. కూల్చకపోతే మాత్రం ఇంట్లో పరువు నిలవదు. ఎందుకంటే పందెం వేసుకున్నారు. ఆదివారం దాటితే కెప్టెన్ పదవి బావమరిదిది. దానితో పాటు కెప్టెన్ కుర్చీ కూడా. చక్రాలు, చేతులు, నడుముకు మెత్త ఉన్న కుర్చీ ఆ ఇంట్లో అదొక్కటే. పదవి పోయినవాడికి వంటింటి చెక్క స్టూలే గతి.

"ఊరందరికీ చూపు సరిచేస్తావు. కొండంత ఓడ ఎదురుగా నిలబడితే గురి కుదరదా నీకు?" అన్నాడు ఇంజనీరు. బావమరిదికి కళ్ళద్దాల దుకాణం ఉంది.

"నా గురినేమీ అనకు. ప్రతి తూటా తగులుతోంది. దాని ప్రాణరేఖ సగం దాకా దిగి మళ్ళీ పైకి లేస్తోంది, చూడలేదూ? చివరి ఘట్టం కదా, తనంతట తాను కోలుకునే శక్తి పెట్టి ఉంటారు. అది కోలుకునే వేగం కన్నా మన దెబ్బ ఎక్కువుండాలి. నీ వల్ల కాకపోతే చెప్పు, కుర్చీ ఇటు తోసెయ్."

"చివరి ఘట్టానికి ముగ్గురుండాలన్నారని మీ అమ్మగారిని కూడా శ్రమపెడుతున్నాం. కాస్త సిగ్గుపడు."

అత్తగారు కిటికీ పక్కన పడక్కుర్చీలో టాబ్లెట్ ఒళ్ళో పెట్టుకొని, వీళ్ళిద్దరి వీపుల వెనక కూర్చున్నారు. పెద్దావిడ పనిలోకి తొంగిచూడటం మర్యాద కాదు గనుక ఇంజనీరు ఏనాడూ అటు తిరగలేదు. మొదటిరోజు మాత్రం చెప్పవలసింది చెప్పాడు.

"మీరేమీ కాల్చనక్కర్లేదు అత్తయ్యగారూ. దెబ్బతిన్న ఓడ మీద వేలు పెడితే చాలు. ఆకుపచ్చ కిరణం వెళ్ళి బాగుచేస్తుంది."

"అయితే నా పాత ఉద్యోగమే," అన్నారావిడ సంతోషంగా. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో హెడ్ నర్సు. "మా వార్డులో ఎవరి గాయం పెద్దదైతే వాళ్ళనే ముందు చూసేవాళ్ళం నాయనా. మిగతా సంగతులు తరవాత."

ఇప్పుడు టాబ్లెట్ పక్కన పెట్టి చూపుడువేలు నొక్కుకుంటున్నారు.

"ఎవర్నీ పోనివ్వలేదు," అన్నారు. "ఆ పెద్ద ఓడనే గట్టెక్కించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది."

"మీ చలవ వల్లే నిలబడ్డాం," అన్నాడు ఇంజనీరు వినయంగా.

ఆయన ఉద్యోగం లిఫ్టుల తనిఖీ. తీగ నుంచి తలుపు దాకా తడిమి చూడనిదే సంతకం పెట్టని మనిషి. తమ నౌక ఐరావతాన్నీ అలాగే తడిమాడు. రక్షాకవచానికి పోయే విద్యుత్తులో సగం ఫిరంగులకు మళ్ళించాడు. పేలే తూటాలు తీయించి గుచ్చుకుపోయే తూటాలు వేయించాడు. ఒక్కొక్కటిగా మోగే ఫిరంగులను ఒక్కసారిగా, ఒక్కచోటే, గండభేరుండం ఎడమ రెక్క కీలు మీదనే మోగేలా కట్టాడు.

శనివారం మళ్ళీ తలపడ్డారు. ఐరావతం కొట్టిన ప్రతి దెబ్బా రెట్టింపైంది. మంటలూ పొగలూ కమ్మి తెర మీద మరేమీ కనబడలేదు. అయినా గండభేరుండం చావలేదు. ప్రాణరేఖ అడుగుకు జారడం, మళ్ళీ నిబ్బరంగా లేవడం.

"ఈ పూట మీరు మరీ తొందరపెట్టారు నాయనా," అన్నారు అత్తగారు చెమట తుడుచుకుంటూ. "వేలు ఎత్తనిస్తే ఒట్టు."

"అమ్మ చూడు, ఆ వయసులో ఎంత కష్టపడుతోందో," అన్నాడు బావమరిది. "కుర్చీకి నూనె కూడా వేయించి ఉంచు బావా. రేపట్నుంచి అది కీచుమంటే నాకు గిట్టదు."

ఆదివారం సాయంత్రం. చివరి అవకాశం. యుద్ధం సగంలో ఉండగా అత్తగారి ఫోను మోగింది. పాత వార్డు స్నేహితురాలు. ఆవిడ టాబ్లెట్‌ను పడక్కుర్చీలో ఉంచి వరండాలోకి నడిచారు.

"అయిపోయాం," అన్నాడు బావమరిది. "బాగుచేసే దిక్కు లేదు."

ఇంజనీరు కుర్చీ చేతులను ఆప్యాయంగా ఒకసారి నిమిరాడు. తరవాత రక్షాకవచాన్ని పూర్తిగా ఆర్పేసి, మిగిలిన విద్యుత్తునంతా ఫిరంగులకు ఇచ్చాడు.

"కొట్టు. వాళ్ళో మనమో తేలిపోవాలి."

ఐరావతం ఒంటినిండా మంటలు. ఫిరంగులు మోగాయి. ప్రాణరేఖ సగానికి దిగింది. పావుకు దిగింది. ఈసారి లేవలేదు. గండభేరుండం ఎడమ రెక్క ఊడి, నడుము విరిగి, తెరంతా తెల్లటి వెలుగైపోయింది.

బావమరిది స్టూలు తన్నుకుంటూ లేచి బావను కావలించుకున్నాడు. ఇంజనీరు కుర్చీలో గిర్రున తిరిగాడు.

"చూశావా, కిటుకంతా కవచం ఆర్పడంలో ఉంది," అన్నాడు, లేని మీసం మెలేస్తూ.

ఆ సందడికి అత్తగారు లోపలికి వచ్చారు.

"గెలిచాం అత్తయ్యగారూ. గండభేరుండం కూలిపోయింది."

ఆవిడ టాబ్లెట్ అందుకొని తెర వంక చూశారు. పడక్కుర్చీలో మెల్లగా కూలబడ్డారు.

"నేనిలా ఫోనుకు లేచానో లేదో, ఇన్నాళ్ళూ కంటికి రెప్పలా కాపాడుకొచ్చిన దాని ప్రాణం తీసి కూర్చున్నారా నాయనా?"