ఊరు మారిన మనిషి

తుడియలూరు క్లినిక్‌లో అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. కొత్త గుండె మందును మనుషుల మీద పరీక్షిస్తున్న డాక్టర్ నవనీతకృష్ణన్ ఒక్కడే మిగిలాడు. తెల్లారితే నివేదిక కంపెనీకి చేరాలి. మందుకు అనుమతి వస్తే లాభంలో అతనికీ వాటా ఉంది.

రోగుల జాబితాలో రాజమ్మాళ్ పేరు దగ్గర అతని వేలు ఆగింది. కారమడై నుంచి వచ్చిన ఆ ముసలావిడ మందు మొదలుపెట్టిన పన్నెండో రోజున తల తిరిగి పడి చనిపోయింది. అతను మాత్రం 'ఊరు మారారు' అని రాసి, కొత్త చిరునామా గడి ఖాళీగా వదిలాడు. వేలమందిని బతికించే మందుకు ఒక్క చావు అడ్డు రాకూడదని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. అలా నచ్చజెప్పుకునేటప్పుడు వాటా సంగతి తలచుకోలేదు.

ఎనిమిదింటికి బల్ల మీది ఫోను మోగింది. మాత్ర వేసుకున్నామని రోగులు రోజూ చెప్పే వేళ అది. అలవాటుగా ఎత్తాడు.

"మాత్తిర వేసుకొంటిని, కన్నూ. తల ఇంకా సుత్తుతానే ఉంది."

ఆ గొంతు అతనికి తెలుసు. వెనక గాలి చప్పుడు తప్ప మరేమీ వినిపించడం లేదు.

"నేను ఊరు మారినానని రాసినావంట కదా సామీ. అప్పట్నుంచీ నడుస్తానే ఉండాను. ఏ ఊరో కొంచెం చెప్పు."