గడ్డకట్టిన సీసా

నర్సింగ్ సీసాను తలకిందులు చేశాడు. లోపలి మందు కదల్లేదు.

"సార్, ఇది గడ్డకట్టింది. ఇగ పనికిరాదు."

పెట్టెలు మోయడానికి మ్యాన్‌పవర్ కంపెనీ నిన్ననే పంపిన మనిషి. తిరుపాలుకు నవ్వొచ్చింది. దోహాలోని ముషైరిబ్‌లో పదేళ్ళుగా ల్యాబులకు సరుకు అమ్ముతున్నాడు. అక్కడి ఎండకు భయపడి, సీసా చుట్టూ రెండింతలు ఐసు పెట్టించింది తనే.

"యాభై డిగ్రీల ఎండలో చల్లదనం ఎక్కువైందని ఏడ్చేవాణ్ణి నిన్నే చూస్తాండా గదప్పా!"

"గడ్డకట్టి కరిగితే బలం పోతది సార్. రంగు పట్టది."

అది యాంటీబాడీ. రొమ్ములో గడ్డ నుంచి తీసిన ముక్కపై వేస్తే, ఒక రకం క్యాన్సర్‌ను గోధుమరంగులో పట్టిస్తుంది. ఆ రకానికి వేరే చికిత్స ఉంది. ఆసుపత్రి ల్యాబులో ఈ సీసా కోసమే ఆగిన ముక్క తిరుపాలు భార్య మాలతిది.

"ఆ రకం క్యాన్సరని ముందే తెలిసిన ముక్క మీద ఒక్కసారి ఏసి చూడమనుండ్రి సార్. రెండ్రోజుల పని. మీ కాళ్ళు మొక్కుత."

కరిగాక మందు నీళ్ళలా తేటగానే ఉంది. ఇంకో సీసా రావాలంటే మూడు వారాలు. ఆ మూడు వారాలు ఒకవైపు, కూలివాడి మాట ఒకవైపు. తిరుపాలు తూచి చూశాడు. కూలివాడి మాట తేలిపోయింది.

"మోసేవాడివి మొయ్యి. యల్లా, పద!"

ఆ వెంటనే కంపెనీకి ఫోన్ చేశాడు. "ఈ వాగుడుకాయను మార్చండి."

ల్యాబువాళ్ళూ ముందు సీసాను పరీక్షించాలనే అన్నారు.

"నా భార్య రిపోర్టు సార్. ఇంక ఒక్కరోజు కూడా ఆగలేం."

బతిమాలాడు. సరుకు దారిలో సరిగ్గా ఉందని సంతకం పెట్టాడు.

రంగు పట్టలేదు. ఆ రకం కాదన్నారు. ఆ చికిత్స ఇవ్వలేదు.

ఎనిమిది నెలలకు క్యాన్సర్ మాలతి వెన్నెముకకు పాకింది. పాత ముక్కనే కొత్త సీసాతో మళ్ళీ పరీక్షించారు.

ముక్కంతా గోధుమరంగు.

"అప్పుడే తెలిసుంటే..." అన్నాడు డాక్టరు.

తిరుపాలు కూలీలుండే బర్వా అల్ బరాహా క్యాంపుకు పరుగెత్తాడు. నర్సింగ్ మంచం మీద ఇంకెవరో పడుకుని ఉన్నారు. తిరుపాలు తన పేరు చెప్పి నర్సింగ్ ఏడని అడగగానే పక్క మంచం మీది హరి లేచి కూర్చున్నాడు.

"నర్సింగన్ననా? మీరు వద్దన్నంక మెసయీద్‌ల బయటి పనికి ఏసిండ్రు. ఎండకు పడిపోయిండు సార్. సచ్చిపోయి ఆర్నెల్లాయె."

తిరుపాలు హరి మంచం దగ్గరికి వచ్చాడు.

"ఆ మందు సంగతి ఆయనకెట్ల తెలుసప్పా?"

"తెల్వకేంది సార్? హైదరాబాద్‌ల అసొంటి మందు తయారుజేసే కాడ పన్నెండేండ్లు జేసిండు. గడ్డకట్టిన సరుకు మంచిగున్నదని సంతకం పెట్టనన్నందుకే కొలువు పోయి, ఈడికొచ్చి పెట్టెలు మోసిండు."